నీడాకు, ఎండాకు

మా పక్కింటి అమ్మాయిని వీధిలో అందరూ ఆకుల మేడం అంటారు. పండ్ల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. అనాస మీద పరిశోధనంటే రోజూ పండు తిని రుచి చెప్పడం కాబోలు అనుకున్నాను. ఓ రోజు ఉండబట్టలేక గోడ మీదుగా అడిగేశాను.

"పండు నాకెందుకు పిన్నీ? పండు కోశాక పారేసే ఆకు కావాలి నాకు" అంది.

"ఆకేం చేసుకుంటావే, కూర వండుతావా?"

"బట్ట నేయిస్తా."

నేను నమ్మలేదు. అలాగని ఊరుకునే రకాన్నీ కాదు. చీర కుచ్చిళ్లు దోపుకుని వాళ్లింటికి వెళ్లిపోయాను. వరండాలో చెక్క మీద కత్తిలాంటి పొడుగాటి ఆకు పరిచి, పగిలిన పింగాణీ పళ్లెం అంచుతో గీకుతోంది. పచ్చటి గుజ్జు లేచిపోయి అడుగున తెల్లటి పోగులు బయటపడ్డాయి. కడిగి నా చేతిలో పెట్టింది. పట్టులా మెరుస్తోంది. లాగాను, తెగలేదు సరికదా నా వేలు కోసుకుపోయింది.

"ఇంత పెద్ద ఆఫీసులో దీనికి మిషను లేదుటే?"

"ఉంది. బెల్టు తెగి మూల కూర్చుంది. కొత్త బెల్టు అడిగితే, పాతది ఎందుకు తెగిందో చెప్పమంటున్నారు."

నాకు నవ్వొచ్చింది. తనకు రాలేదు.

ఆ అమ్మాయి తేల్చాలనుకున్నది ఒక్కటే. అనాస మొక్క నీడలో పెరిగితే ఆకు పొడుగ్గా సాగుతుందని తన అనుమానం. పొడుగాకులో పొడుగు నార, అతుకులు తక్కువ, నూలు నునుపు. అందుకని సగం వరసలు ఎండకు వదిలి, సగం వరసల మీద వలపందిరి వేయించింది. పిలక నాటింది మొదలు పండు కోసేదాకా ఏడాదిన్నర. అంతకాలమూ ఆ మొక్కల మధ్యే తిరిగింది. అనాస ఆకు అంచు రంపంలా ఉంటుంది, మోచేతుల దాకా గీతలే. భర్త కరెంటు సామాన్ల కొట్లో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు.

"మా ఆవిడకి నాకంటే ఆ మొక్కల మీదే ధ్యాస పిన్నిగారూ" అనేవాడు.

"నువ్వూ వెళ్లి నీడలో నిలబడు, కొలుస్తా" అనేది ఈవిడ.

చివరికి పండ్ల కోత అయింది. ఇక ఆకులు కోసి, కొలిచి, నార తీసి చూపించడమే మిగిలింది. పై ఆఫీసు నుంచి కమిటీ వస్తోంది. నీడకీ ఎండకీ తేడా చూపిస్తే పని సాగుతుంది. లేకపోతే ఆ మళ్లు జామ్ చేసే అనాస రకానికి ఇచ్చేస్తారు. ఆకు ఎండితే నార ఊడిరాదు కాబట్టి కమిటీ వచ్చే రోజు పొద్దున్నే కోయాలని పెట్టుకుంది. నన్ను రమ్మనలేదు, నేనే వెంటపడి వెళ్లాను.

గేటు దాటి మళ్ల దగ్గరకు రాగానే ఆ అమ్మాయి కాళ్లు ఆగిపోయాయి. మొక్కలన్నీ క్రాపు కొట్టించుకున్నట్టు ఒకే ఎత్తున ఉన్నాయి. వలపందిరి చుట్టచుట్టి పక్కన పడేశారు. గట్టు మీద ఆకులు, ఒకటే పెద్ద కుప్ప. కుప్ప పక్కన ఫారం సూపర్వైజరు, మొహం చేటంత చేసుకుని.

"చూశారా మేడం! కమిటీ వస్తోందని నిన్న సాయంత్రమే మనుషుల్ని పెట్టి నీటుగా కోయించేశా. మీ చేతులు గీరుకుపోవడం చూస్తున్నా కదా, పాపం అనిపించింది."

"ఇందులో నీడవి ఏవి, ఎండవి ఏవి?"

"అన్నీ అనాసవే మేడం."

ఆ అమ్మాయి కుప్పలోంచి ఓ ఆకు తీసింది. సగానికి తెగి ఉంది. ఇంకోటి తీసింది, దానికి కొన లేదు. మూడోది తీయలేదు. తిట్టనైనా తిట్టలేదు. మనిషి చెడ్డవాడైతే తిట్టి మనసు చల్లార్చుకోవచ్చు. సాయం చేశాననుకుని ఎదురుగా నవ్వుతూ నిలబడ్డవాణ్ని ఏమంటాం?

ఇంతలో కేంద్రం పెద్దసారు వచ్చి సంగతి విన్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "దానికింత గాభరా ఎందుకమ్మా? పొడుగ్గా ఉన్నవి ఏరి నీడవని చెప్పు, పొట్టివి ఎండవని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది సార్" అంది.

కమిటీవాళ్లు కార్లు దిగారు. ఆ అమ్మాయి ముందుకెళ్లి, "ఆకులు కలిసిపోయాయండీ. చూపించడానికి నా దగ్గర ఫలితం లేదు" అని చెప్పేసింది. వాళ్లు మొహామొహాలు చూసుకున్నారు. అందులో ఒకాయన, "తోట మాత్రం చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు. సూపర్వైజరుకు చెయ్యి కూడా కలిపాడు. నా ఒళ్లు మండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు నేనూ నోరు ఊరుకోక అడిగాను. "పొడుగువి నీడవే అయ్యుంటాయి కదే? అనేస్తే ఏం పోయేది?"

"అయ్యుండొచ్చు అనడానికి ఏడాదిన్నర ఎందుకు పిన్నీ? మొదటిరోజే అనుండేదాన్ని."

మళ్లు పోయాయి. ఆ అమ్మాయిని పండ్ల రసంలో తీపి కొలిచే గదిలో వేశారు. నెల తిరిగేసరికి మొహం పీక్కుపోయింది. పలకరిస్తే "ఊ", లేకపోతే "ఊహూ". భర్త మంచినీళ్ల గ్లాసు చప్పుడు చేసినా కసిరేది. ఓ ఆదివారం సూపర్వైజరు స్కూటరు మీద ఓ గోతాం తెచ్చి గుమ్మంలో దించాడు. మళ్లు దున్నేముందు పీకిన పిలకలు. "పారేస్తుంటే మనసొప్పలేదు మేడం" అని తల వంచుకున్నాడు. గోతాం అందుకుని, మూతి విప్పి పిలకలు లెక్కపెట్టుకుంది.

సాయంత్రం మా గుమ్మంలో నిలబడింది. "పిన్నీ, మీ పెరట్లో జామచెట్టు కింద సగం నాటుకుంటా, ఎండలో సగం. సరేనా?"

కాదనే నోరేనా నాది? కానీ చుట్టూ తాడు కట్టి, లోపలికి నన్ను కూడా రానివ్వడం లేదు. నీళ్లు తనే పోస్తుంది. బట్టలు ఆరేసుకునే చోటు పోయిందని మా కోడలు సణుగుతోంది. మొక్కలు మోకాలెత్తు వచ్చాయి.

నా కళ్లకు మాత్రం జామచెట్టు కిందవే పొడుగ్గా కనిపిస్తున్నాయి. ఆ మాటే నిన్న అన్నాను.

"కొలవకుండా చెప్పకండి పిన్నీ" అని కసిరింది.