నూనె ఖర్చుకో గుండు

ఆ రోజుల్లో నా ఆస్తి మొత్తం ఇంతే: తిరుపతిలో ఒక అద్దె రేకుల గది, ఒక కిరసనాయిలు స్టవ్వు, నడుము దాటిన జడ. మొదటి రెండింటి ఖర్చూ తప్పదు. నన్ను ముంచుతున్నది మూడోదేనని తేల్చుకోవడానికి చదువేమీ అవసరం కాలేదు (అక్షరాలు నేర్చుకున్నది చాలా ఏళ్ళ తర్వాత, నలభై దాటాక). కాపురం పొసగక సత్యవేడు దగ్గర మా అన్న ఇంటికి చేరి, అక్కడ భారం కాలేక రేణిగుంటలో గోడౌన్ పనికి కుదిరాను. "నీకు జరగట్లేదని తెలిసిందంటే వచ్చి పిలుచుకొని పోతా" అన్నాడు అన్న. వెనక్కి పోకూడదని నా పట్టు. అందుకని ఏది అవసరం, ఏది దండగ అని రోజూ తూకం వేసుకునేదాన్ని. అద్దె అవసరం. బియ్యం అవసరం. బస్సు సగం అవసరం (వచ్చేటప్పుడు కొంత దూరం నడిచేదాన్ని). కొబ్బరినూనె, సీకాయ, పూలు మాత్రం ఉత్త జడ మేత.

ఒక సెలవు రోజు కొండెక్కి గుండు కొట్టించుకున్నాను. కత్తి పట్టినాయన తల తడుపుతూ "ఏం మొక్కుమా?" అన్నాడు. దేవుడి దగ్గర అబద్ధమెందుకని, "ఖర్చు తగ్గించుకుందామని" అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఈ మాట ఇంకెవురి దగ్గరా అనబాకమ్మా" అన్నాడు.

సరేనని కింద ఎవరితోనూ అనలేదు. అక్కడే వచ్చింది చిక్కు. బిందె నీళ్ళకు కూడా కసిరే మా ఇంటి ఓనరమ్మ నా నున్నటి తల చూసి కరిగిపోయింది. "ఏం కష్టమొచ్చిందో బిడ్డకి. మొక్కు బయటికి సెప్పకూడదు, సెప్పబాక" అంటూ రోజూ సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి తెచ్చి పెట్టింది. గోడౌన్‌లో ఆడవాళ్ళు నా మూటలు కూడా తామే ఎత్తారు. నేను సిగ్గుపడుతూనే తిన్నాను, తింటూనే సిగ్గుపడ్డాను.

కబురు మా ఊరు చేరింది. అన్న పరుగున వచ్చి గడపలోనే నిలబడిపోయాడు.

"ఎవురికేమైంది? నాకు సెప్పకుండా ఈ గుండేంది? పెట్టె సర్దు, పోదాం పా."

"ఎవురికీ ఏం కాలేదన్నా. నూనె, సీకాయ ఖర్చు తగ్గుతాదని."

అన్న నా తల వంక చూశాడు. మూలనున్న బియ్యం డబ్బా మూత తీసి చూశాడు. నిండుగానే ఉంది. గడప మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "మీ వదినకి సెప్పబాక. నన్ను కూడా కొట్టించుకోమంటాది." వెళ్తూ వెళ్తూ, "నువ్వు బతుకుతావులే. ఈడనే ఉండు" అన్నాడు.

ఓనరమ్మకు నిజం చెప్పే ధైర్యం మాత్రం నాకు ఈనాటికీ రాలేదు. మొన్న ఆమెను చూడడానికి పోతే, "ఆ పొద్దు మొక్కుకున్నావే, తీరిందా బిడ్డా?" అని అడిగింది. ఏం మొక్కుకున్నానని చెప్పను? సొంతంగా గడిచిపోయిన ఇన్నేళ్ళూ, ఆమె చేతి సంగటీ గుర్తొచ్చి, "తీరిందమ్మా" అన్నాను. అది అబద్ధమని నాకు అనిపించలేదు.