గొర్రెకు పట్టిన ద్రవ్యోల్బణం

షాద్‌నగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్లకు అర్థశాస్త్రం చెప్పే మనిషి కావలసి వచ్చింది. ముందు ఒక క్లాసు చెప్పి చూపించాలి, నచ్చితేనే ఉద్యోగం. నాకిచ్చిన పాఠం స్టాగ్‌ఫ్లేషన్. తెలుగులో స్తబ్ధ ద్రవ్యోల్బణం. ఈ మాటను తెలుగు చేసిన పెద్దమనిషి ఎవరో గానీ, పిల్లల మీద ఆయనకేదో పాత కక్ష ఉన్నట్టుంది.

అప్పటికి రెండేళ్లుగా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఈ ఉద్యోగం పోతే మళ్లీ గొర్రెల వెంటే. అందుకని ఆత్మకూర్ దగ్గర మా ఊళ్లో, దొడ్డి ముందు అటూ ఇటూ తిరుగుతూ గట్టిగా వల్లె వేశాను. "స్టాగ్నేషన్ అంటే నిలిచిపోవడం. ఇన్‌ఫ్లేషన్ అంటే ఉబ్బడం, అంటే ధరలు పెరగడం. అరవైల్లో బ్రిటన్ పార్లమెంటులో ఒక నాయకుడు ఈ రెంటినీ అతికించి వాడాడు. కదలదు, కానీ ఉబ్బుతుంది."

ఆ చివరి ముక్క మా అవ్వ చెవిన పడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గొర్రెల మధ్యే బతికిన మనిషి. కడుపు ఉబ్బిన గొర్రెకు తాగించే పల్లీనూనె సీసా పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏ గొర్రెకే ఉబ్బరం పట్టింది?"

"గొర్రెకు కాదవ్వా, దేశానికి."

"దేశానికైతే గింత నూనె ఏడ సాలుతది," అంటూ మూత బిగించి అరుగు మీద కూర్చుంది. "ఏమైందో జర చెప్పు."

చెప్పాను. ధరలు పెరుగుతాయి, పనులు దొరకవు. సర్కారు డబ్బు వదిలితే ధరలు ఇంకా పెరుగుతాయి, బిగబడితే ఉన్న పనులూ పోతాయి.

"గంతేనా? లేత గడ్డి మేసి ఉబ్బిన గొర్రె లేవదు. మేత పెడితే ఇంక ఉబ్బుతది, పెట్టకుంటే నీరసమొచ్చి పడిపోతది. ఏం జేసినా తిప్పలే. గీ మాట కోసం పట్నంల చదివినవా బిడ్డా?"

మర్నాడు క్లాసులో అదే చెప్పాను. పిల్లలు పడీ పడీ నవ్వారు, పాఠం మాత్రం అందరికీ ఎక్కింది. "ఉదాహరణ బాగుంది మేడమ్, ఏ పుస్తకంలోది?" అని ప్రిన్సిపాల్ అడిగాడు. గొర్రెలు కాసే అవ్వ చెప్పిందనడానికి నామోషీ వేసి, "నేనే అనుకున్నాను సార్," అన్నాను. ఆ అబద్ధం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉద్యోగం మాత్రం వచ్చింది.

మూడో ఏడు సెలవులకు ఇంటికి వెళ్లాను.

"జీతం పెంచిన్రా బిడ్డా?" అంది అవ్వ.

"లేదవ్వా. అదే జీతం."

"మరి రూము కిరాయి?"

"రెండుసార్లు పెరిగింది."

"బస్సు చార్జి?"

"అదీ పెరిగింది."

"గా కొలువు ఇడిసిపెడితే?"

"ఇంకోటి దొరకదు."

అవ్వ లేచింది. లోపలికి వెళ్లి పల్లీనూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏ గొర్రెకే అని గా దినమే అడిగిన. చెప్పకపోతివి."