పేరు తీసేసిన తీర్మానం

మా వదిన లావర్న్ క్రెన్షా శాసనసభ్యురాలై పదహారేళ్ళయింది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు మా జిల్లా, బీమన్ కౌంటీలో, స్కూలు బస్సు నడిపింది. ఆమెకి ఓట్లేసేది ఆ బస్సెక్కిన పిల్లలూ, వాళ్ళ పిల్లలూ. ఏ మట్టిరోడ్డు చివర ఎవరి ఇల్లుందో, ఆ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో, ఎవరు జైల్లో ఉన్నారో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలియకపోయినా బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

నేను ఆమె మొగుడి చెల్లెల్ని. నా పేరు డోరెథా. మా అన్న పోయాక, ఆమె చూపు మసకబారాక, రాజధానికి తొంభై మైళ్ళు కారు నడిపేది నేనే. కోటు పట్టుకునేదీ, ఫోనెత్తేదీ, ఆమెకి పడాల్సిన తిట్లు ముందుగా తినేదీ నేనే. దీనికి జీతమేమీ లేదు. వచ్చేటప్పుడు దారిలో వేయించిన చేప కొనిపెడుతుంది. అది నా చేతికి అందేసరికి చల్లారిపోయి ఉంటుంది, ఎందుకంటే ఆ కొట్టు దగ్గర కూడా నలుగురు ఆమెని పట్టుకుంటారు.

ఒకరికి పింఛను ఆగిపోయింది. ఒకరిని జైల్లో ఉన్న కొడుకుని చూడనివ్వడం లేదు. ఒకావిడ ఇంటి ముందు గుంట పడి మూడు నెలలయింది. "అది కౌంటీ వాళ్ళ పని, నా చేతిలో లేదమ్మా" అంటుంది వదిన. "మరి నీకెందుకు ఓటేశామే?" అంటుంది ఆవిడ. వదిన నిట్టూర్చి, ఆ రోడ్డు పేరు చేతిమీద రాసుకుంటుంది. కాగితం ఉన్నా చేతిమీదే రాసుకోవడం బస్సు రోజుల నుంచీ ఉన్న అలవాటు. సాయంత్రానికి ఆమె ఎడమ అరచేతిలో ఖాళీ ఉండదు.

ఫిబ్రవరి వస్తే ఇంకో బరువు నెత్తినెక్కుతుంది. అది నల్లజాతి చరిత్ర నెల. ఆ నెలలో సభ జరిగే ప్రతి రోజూ వదిన లేచి నిలబడి మా కౌంటీ మనిషి పేరు ఒకటి చెబుతుంది. ఏ పుస్తకంలోనూ ఎక్కని పేర్లే చెబుతుంది. నాలుగు వందల కాన్పులు చేసిన మంత్రసాని, కోర్టు భవనానికి ఇటుకలు పేర్చి కూడా ఆ భవనంలోకి అడుగుపెట్టే వీల్లేకపోయిన తాపీమేస్త్రీ, అలాంటివాళ్ళు. ఒక్క నిమిషం మాట్లాడుతుంది. ఆ నిమిషంలోనే తెల్ల సభ్యులకి కాఫీ గుర్తొస్తుంది. నిజం చెప్పాలంటే మావాళ్ళలోనూ ఇద్దరు ముగ్గురికి గుర్తొస్తుంది. వదిన ఖాళీ కుర్చీలకే చెప్పి కూర్చుంటుంది.

"ఎవరు వింటున్నారని చెప్తావు వదినా?" అని ఒకసారి అడిగాను.

"సభలో మాటలు రాసుకునే అమ్మాయి వింటుందిగా. కాగితం మీద పడితే చాలు" అంది.

ఏడాదికి ఒకరికి మాత్రం సన్మాన తీర్మానం పెట్టిస్తుంది. మొన్నటి ఫిబ్రవరిలో ఆ ఒక్కరు ఇజోలా మెక్కాంట్స్. తొంభై నాలుగేళ్ళ మనిషి. మెర్సీ స్ప్రింగ్ రోడ్డులో చర్చి పక్కన ఉంటుంది. ఊరందరికీ పెద్దమ్మే.

ఆ రోడ్డులో నలభై ఒక్క ఇళ్ళున్నాయి. ఒక్కదానికీ మురుగు లైను లేదు. మాది నల్లరేగడి, నీళ్ళు పీల్చదు. మరుగుదొడ్డి నుంచి పైపు వేసి పెరట్లోకి వదిలేయడం తప్ప ఎవరికీ దారి లేదు. గట్టి వాన పడితే పెరట్లోది తిరిగి స్నానాల తొట్టిలోకి వస్తుంది. వాన పడ్డ ప్రతిసారీ పెద్దమ్మ ఫోను చేసేది.

"అమ్మాయ్ లావర్న్, వాన పడింది."

"అయ్యో పెద్దమ్మా, ఎంతవరకొచ్చింది?"

"చీలమండల దాకా. నీ బిల్లు ఎంతవరకొచ్చింది?"

ఆ రోడ్డుకి మురుగు లైను వేయించే బిల్లు మూడేళ్ళుగా కమిటీ దాటలేదు. ఆ కమిటీ ఛైర్మన్ టాడ్ హోల్కమ్. మర్యాదస్తుడు, తలుపు తెరిచి పట్టుకుంటాడు, మా అన్న చనిపోతే పూలు పంపాడు. బిల్లు అడిగితే మాత్రం "చూద్దామండీ లావర్న్ గారూ" అంటాడు. వదిన ఆ గుమ్మానికి కాళ్ళరిగేలా తిరిగింది. పైపు అడిగితే మూడేళ్ళు, బంగారు ముద్ర కొట్టిన కాగితం అడిగితే మూడు నిమిషాలు. అదీ మా సభ.

తీర్మానం వదిన తానే కూర్చుని రాసింది. 1965లో ఓటుకి పేరు నమోదు చేయించుకున్నందుకు జడ్సన్ హోల్కమ్ అనే భూస్వామి పన్నెండు కౌలు కుటుంబాలని ఒక్కరోజులో ఇళ్ళలోంచి వెళ్ళగొట్టాడని రాసింది. వాళ్ళు రోడ్డు పక్కన డేరాల్లో రెండు చలికాలాలు గడిపారని, మొదటి చలికాలంలోనే ఇజోలా మెక్కాంట్స్ పసిబిడ్డ చనిపోయిందని, అయినా ఆమె ఈనాటివరకు ఒక్క ఎన్నికలోనూ ఓటు మానలేదని రాసింది. పెద్దమ్మకి ఫోనులో చదివి వినిపించింది. "ఆయన పేరు కూడా పెట్టావా?" అంది పెద్దమ్మ.  తర్వాత, "ఆ రోజు తెల్ల గౌను వేసుకుంటాను" అంది.

తీర్మానం చదవాల్సిన రోజు పొద్దున్న, లిఫ్టు దగ్గర టాడ్ హోల్కమ్ మమ్మల్ని ఆపాడు.

"లావర్న్ గారూ, ఒక్క మాట. ఆ పేరు మా తాతది."

"తెలుసండీ" అంది వదిన.

"మా నాన్నకి ఎనభై ఎనిమిది. మంచంలోంచి లేవలేడు. పొద్దస్తమానం టీవీలో సభే చూస్తుంటాడు. ఆయన చెవిన ఆ పేరు ఇలా పడకూడదు. మిగతాదంతా ఉంచండి, నేనే లేచి చప్పట్లు కొడతాను. 'ఒక భూస్వామి' అని మార్చండి చాలు." లిఫ్టు బొత్తాము నొక్కుతూ ఇంకో మాట అన్నాడు. "మీ మురుగు బిల్లు బుధవారం కమిటీలో పెడతాను. బయటికి పంపిస్తాను. మాటిస్తున్నా."

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. వదిన తన అరచేతిలోకి చూసుకుంది. నాకు తెలుసు, ఆమె లోపల లెక్కపెట్టుకుంటున్నది నలభై ఒక్క తొట్లు.

"సరే" అంది.

ఆయన వెళ్ళాక ఆమె చేయి పట్టుకున్నాను. "పెద్దమ్మని అడగొద్దా?"

"ఎప్పుడడగను డోరెథా? ఇంకో గంటలో చదువుతారు. ఆమె చర్చి వ్యాన్లో దారిలో ఉంది. మూడేళ్ళుగా ఈయన నోటి నుంచి బుధవారం అన్న మాట వచ్చిందా?"

తప్పు అక్కడే జరిగింది. కానీ అది ఆమెకి తప్పులా కనబడలేదు, ఎందుకంటే అక్కడ అందరూ చేసే పని అదే. ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవడం. పదహారేళ్ళు ఆ వసారాల్లో తిరిగిన మనిషికి, ఇచ్చేది తనదా కాదా అని ఆగి చూసే ఓపిక పోతుంది. ఆమెని తప్పుపట్టే నేను మాత్రం ఏం చేశాను? కోటు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

పెద్దమ్మ తెల్ల గౌనూ తెల్ల టోపీతో పైన ప్రేక్షకుల వరసలో కూర్చుంది. గుమాస్తా చదివాడు. "ఒక భూస్వామి" అన్న చోట పెద్దమ్మ తల కొంచెం ముందుకు వంచింది, సరిగా వినపడలేదేమో అన్నట్టు. ఓట్లు చూపే బోర్డు మీద దీపాలన్నీ పచ్చగా వెలిగాయి, ఒక్కటీ ఎర్రది లేదు. టాడ్ హోల్కమ్ అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. పెద్దమ్మని చేయి ఊపమన్నారు. ఊపింది.

వసారాలో ఫోటోలయ్యాక ఆమె వదిన మోచేయి పట్టుకుంది.

"నా చెవులు బాగానే పనిచేస్తాయి పిల్లా. ఆయన పేరేదీ?"

వదిన నీళ్ళు నమల్లేదు, అదొక్కటీ చెప్పాలి. "తీసేశాను పెద్దమ్మా. మంచానపడ్డ తండ్రి టీవీలో వింటాడని హోల్కమ్ అడిగాడు. దానికి బదులు మీ రోడ్డుకి పైపు అడిగాను. బుధవారం బిల్లు బయటికొస్తుంది."

"ఎవరినడిగి తీశావు?"

వదిన చేతిలోని సంచీ సర్దుకుంది.

"నన్నడిగితే సరేననేదాన్నేమో" అంది పెద్దమ్మ. "అడగలేదు కదా. వాళ్ళూ అంతే, ఏదీ అడిగి తీసుకోలేదు." కాగితం చంకలో పెట్టుకుని చర్చి ఆడవాళ్ళ చేయి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు తిరిగొస్తూ చేపల కొట్టు దగ్గర ఆపనా అంటే వద్దంది.

బుధవారం బిల్లు బయటికొచ్చింది. హోల్కమ్ మాట నిలబెట్టుకున్నాడు. అది కూడా నాకు కోపం తెప్పించింది, ఇంత తేలికైన పనా అని. సభ మొత్తం ఓటెయ్యాల్సింది ఆ తర్వాతి వారం గురువారం. ఈలోగా వాన పడింది. పెద్దమ్మ దగ్గర్నుంచి ఫోను రాలేదు. వదిన రెండు రోజులు, ఫోను మోగిందా అన్నట్టు నా మొహం వంక చూసి, శనివారం పొద్దున్న, "మెర్సీ స్ప్రింగ్‌కి పోనీ" అంది.

పెరట్లో చెక్కలు పరిచి ఉన్నాయి. వాటిమీద నుంచి నడిచి లోపలికెళ్ళాం. ఇంట్లో బ్లీచు వాసన, దాని కింద ఇంకో వాసన. పెద్దమ్మ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుగింజలు ఏరుతోంది. తీర్మానం అట్టకవరులోనే, రిఫ్రిజిరేటరు మీద పెట్టి ఉంది.

వదిన కూర్చోలేదు. "పెద్దమ్మా, ఇప్పుడడుగుతున్నాను. మంగళవారం సభలో లేచి ఆయన పేరు నేనే చెప్తాను. మొత్తం చదువుతాను. చదివితే గురువారం బిల్లు పడిపోతుంది, అందులో అనుమానం లేదు. చదవనా, వద్దా? మీరెలా అంటే అలా."

పెద్దమ్మ ఇంకో గుప్పెడు గింజలు ఏరింది. "వెనకాల ట్రెయిలర్ ఇంట్లో నలుగురు పిల్లలున్నారు" అంది చివరికి. "చిన్నదానికి కాళ్ళనిండా పొక్కులు. వద్దులే. పైపు రానీ." గింజలు పక్కకి జరిపి, "ఆయన పేరు నాకు తెలుసు, దేవుడికి తెలుసు. ఆయన కొడుక్కీ తెలుసు, అందుకేగా టీవీ ముందు భయపడుతున్నాడు" అంది.

వదిన ఏడుస్తుందేమో అనుకున్నాను. "క్షమించండి పెద్దమ్మా" అంది.

"కూర్చో ముందు. నిలబడి మీదపడకు." పెద్దమ్మ నా వైపు తిరిగి, "ఆ కాగితం ఇటియ్యమ్మా" అంది. ఇచ్చాను. కవరులోంచి తీసి బల్లమీద పరిచి, వేలితో వరసలు వెతుక్కుని ఒకచోట ఆగింది. "ఇక్కడేం రాశావు, చదువు."

వదిన వంగి చూసింది. "'ఆమె పసిబిడ్డ చనిపోయింది' అని."

"అది ఎవరు రాశారు? హోల్కమ్మా?"

"నేనే."

"ముందు రాసినదాంట్లో కూడా ఇంతేనా?"

"ఇంతే."

"ఆ ముసలాడి పేరు ఉండాలా వద్దా అని మీరిద్దరూ అంత పెద్ద మేడలో బేరమాడుకున్నారు. నా బిడ్డకీ పేరుంది లావర్న్. నువ్వు అడగనూ లేదు. ఫోనులో చదివిన రోజే చెబుదామనుకున్నాను. నువ్వు హడావిడిలో ఉన్నావు, వెనకాల ఇంకో ఫోను మోగుతోంది."

ప్రతి ఫిబ్రవరిలో ఖాళీ కుర్చీలకి పేర్లు చదివిన మనిషి మొహంలో నెత్తురు లేదు.  ఆ కాగితం నేనూ పదిసార్లు చదివాను, అచ్చుతప్పులు చూశాను.

వదిన సంచీలోంచి పెన్ను తీసింది. "చెప్పండి పెద్దమ్మా."

"క్లియోరా మే. తొమ్మిది నెలలు."

బంగారు ముద్ర పక్కన, 'పసిబిడ్డ' అన్న మాట పైన, వదిన మెల్లగా రాసింది. అక్షరాలు వంకరపోయాయి. పెద్దమ్మ కాగితం కిటికీ వెలుగులోకి తిప్పి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఉంటే నీ ఈడుదే" అంది. "నువ్వు నడిపిన బస్సెక్కేది కాదు. చిన్నప్పుడు నువ్వెక్కిన బస్సే ఎక్కి, నీ పక్కన కూర్చునేది."