మానుకోటలో బీరు రుచి చూసిన సాయంత్రం

మొన్నామధ్య మనవరాలు తన స్నేహితులను పిలిచి ఇంట్లో ఒక సరదా పెట్టుకుంది. బల్ల మీద వరసగా చిన్న చిన్న గ్లాసులు, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు బీరు, పక్కనే దానికి జోడీ కుదిరే తినుబండారం. అమ్మమ్మకు కొత్త సంగతి చూపిస్తున్నామని వాళ్ల సంబరం. నేనూ వాళ్ల మధ్య కూర్చున్నాను గాని, మొదటి సీసా మూత లేచిన చప్పుడుకే నా అరచేతులకు చెమట పట్టింది. యాభై ఏళ్లు దాటినా ఆ చప్పుడు వింటే నాకు అలాగే అవుతుంది. ఎందుకో ఆ పిల్లలకు చెప్పలేదు. ఆ రోజులు చూసిన మీకైతే చెప్పుకోవచ్చు.

అరవై తొమ్మిదిలో మావారు మానుకోటలో ఓవర్‌సీరు. రఘునాథపల్లిలో వ్యవసాయం చేసుకునే ఇంట పుట్టి పెరిగిన నాకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు. స్టేషను దగ్గరి ఇరుకింటిని వదిలి, మావారి పై అధికారి అయిన ఇంజనీరుగారి ఇంట్లో పక్క వాటాకు మారి నాలుగు నెలలు కూడా కాలేదు. వాళ్లది కోస్తా. ఆయన భార్యను నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. ముందు గది, వీధి తలుపు ఉమ్మడి, రెండు వంటిళ్లకూ మధ్య భుజాల ఎత్తు గోడ ఒకటే ఉండేది. దాని మీదుగా ఆమె గోంగూర పచ్చడి ఇటూ, నా సర్వపిండి అటూ రోజూ దాటుతూనే ఉండేవి. నాకు జ్వరం వచ్చిన రెండు రోజులూ ఆవిడే గంజి కాచి పోసింది.

ఇంజనీరుగారి దృష్టిలో బీరు మత్తు కోసం తాగేది కాదు, ఓపికగా తెలుసుకోవలసిన ఒక విద్య. నెలకో శనివారం సాయంత్రం ఆయన, మావారు, కోస్తా నుంచే వచ్చిన పశువుల డాక్టరు ముందు గదిలో కూర్చుని, తమది రుచుల సంఘమని చెప్పుకునేవారు. హైదరాబాదు నుంచి తెప్పించిన సీసాలను తడి గోనెలో చుట్టి నీళ్ల గోలెంలో ముంచి ఉంచేవారు. గ్లాసులో రెండు గుక్కలు పోసి ముందు వాసన చూడాలి, తర్వాత నాలుక మీద నిలపాలి, ఆ పైనే ఒక ముక్క కొరకాలి. తేలికదానికి వేయించిన పల్లీలు, నల్లదానికి మిరియాలు దట్టించిన మేక కార్జం. మరీ చేదైనదానికి ఏదీ కుదరక, ఒకసారి నా సర్వపిండి తుంచుకుని ఆయన కళ్లు మూసుకుని తలాడించారు. లోపల వంట చేస్తున్న నాకు మాత్రం, ఈ ఇంట్లో సీసాలు ఉన్నాయని మా నాయినకు తెలిస్తే నా గతేమిటోనని ఒకటే భయం. ఇంజనీరుగారు సరదా మనిషే గాని, నా మాటను వెక్కిరించేవారు. గిది మంచిగున్నది, గది ఇంకింత ఎయ్యి, అని నాలాగే దీర్ఘం తీసి అనేవారు. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని, ఆ తర్వాత రెండు రోజులు గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని.

అప్పటికే ఊళ్లో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం రాజుకుంది. జనగామలో చదువు ముగించి, ఉద్యోగం దొరక్క ఎక్కిన ఆఫీసు మెట్టల్లా దిగి వస్తున్న మా తమ్ముడు, మా ఉద్యోగాలు మాకే కావాలంటూ ఊరూరా తిరుగుతున్నాడు. మేం మారిన ఇల్లు వాడింకా చూడలేదు. వాడి కోపంలో న్యాయం ఉందని నాకు తెలుసు. ఆ శనివారం బజారంతా మూసేశారు. మావారు ఈ నెలకు వద్దన్నా, కిటికీలు వేసుకుంటే ఎవరికి తెలుస్తుందని ఇంజనీరుగారు వినలేదు.

ఇంకా పొద్దు గూకలేదు. మూడో సీసా మూత తీశారో లేదో స్టేషను వైపు నుంచి నినాదాలు వినిపించాయి. క్షణాల్లో అవి మా వాకిట్లోకి వచ్చేశాయి. తలుపుకు రాయి తగిలింది. అక్కయ్య ఇద్దరాడపిల్లలనూ పొదువుకుని వంటింట్లో బియ్యం బస్తాల వెనక కూర్చుంది. ఒక్క మాట బయటికి వినిపించినా ఏ ప్రాంతమో తెలిసిపోతుందని, నోరెత్తొద్దని ఆమెకు సైగ చేశాను. లేవబోయిన మావారిని డాక్టరు చెయ్యి పట్టి ఆపారు. అంతలో తలుపు సందులోంచి కిరసనాయిలు వాసన వచ్చింది.

"లోపల ఎవరున్నరో బయటికి రమ్మను" అని ఒక గొంతు అరిచింది. ఆ గొంతు మా తమ్ముడిది.

నేను తలుపు తీసి, బయటికి వచ్చి, వెనకనుంచి దగ్గరగా వేశాను. వాడి చేతిలో రాయి ఉంది.

"అక్కా, నువ్వేంది గిక్కడ?"

"నా ఇల్లే గిది. నాలుగు నెలలు కాలేదు వచ్చి."

"ఇంజనీరు ఇల్లని చెప్పిన్రు."

"వాళ్లు లేరు. పొద్దుగాల బండికే పొయిన్రు."

వాడు నా ముఖంలోకి చూశాడు, తర్వాత వాకిట్లో ఉన్న మూడు జతల మగవాళ్ల చెప్పుల వైపు చూశాడు. లోపలి నుంచి బీరు వాసన, కార్జం వాసన నా ఒంటికి అంటుకుని వచ్చాయి. వెనక నిలబడ్డ ఒకడు లోపలికి పోయి చూద్దామన్నాడు. తమ్ముడు వాడికి అడ్డం జరిగాడు.

"మా అక్క అబద్ధం చెప్తదా? పదున్రి" అన్నాడు.

గుంపు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. లోపలికి వెళ్లేసరికి ఇంజనీరుగారు వంటింటి నేల మీద చిన్నకూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అక్కయ్య నా చెయ్యి పట్టుకుంది. గుంపు వెళ్లిపోయిందని చెప్పినా వదల్లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం రైలుబండికి ఇంజనీరుగారి కుటుంబం నిజంగానే వెళ్లిపోయింది. ఇంజనీరుగారు నా ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దవారు. ఎటు చూడాలో తెలియక నేను తల దించుకున్నాను.

నెల తర్వాత తమ్ముడు వచ్చాడు. లాఠీ తగిలి ఎడమ మణికట్టు వాచి ఉంది. అన్నం కలుపుకుంటూ అడిగాడు.

"ఆ దినం లోపల ఎంతమంది ఉండిరి?"

"పిల్లలతోటి ఆరుగురు."

"నాకెరుకే" అని రెండు ముద్దలు తిన్నాడు. "అక్కా, నన్ను చూసి భయపడ్డవా?"

"నిన్ను చూసి నాకేం భయంరా" అన్నాను. అది నేను వాడికి చెప్పిన రెండో అబద్ధం.

ఇప్పుడు మా మాట సినిమాల్లో కథానాయకుల నోట వినిపిస్తోంది. మా అపార్ట్‌మెంటులో అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకే లిఫ్టులో దిగుతారు, ఎవరి యాస విని ఎవరూ తలుపులు వేసుకోరు. గోడ మీదుగా గిన్నెలు దాటే రోజులు పోయాయి గాని, ఆ భయమూ పోయింది, అంతవరకు సంతోషమే. అక్కయ్య ఎక్కడుందో, ఉందో లేదో తెలియదు. తమ్ముడు పోయి మూడేళ్లయింది. గుంపును చూసి కాదురా, ఆ చేతిలో రాయి ఉన్న నిన్ను చూసే భయపడ్డానని వాడితో ఒక్కసారి ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్ల వ్యవధి దొరికింది. పెళ్లిళ్లలో, పండగల్లో ఎన్నిసార్లు పక్కపక్కన కూర్చున్నామో. వాడు మళ్లీ అడగలేదు, నేనూ చెప్పలేదు.