ఏరిన యాభై పిన్నులు

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. నా పేరు చెప్పను, మీరూ అడగకండి.

పుంగనూరు దగ్గర ఒక చిన్న కార్ఖానాలో క్వాలిటీ చూసేవాడిని. పంపులకు వేసే ఇనుప పిన్నులు చేసేవాళ్లం. ఆర్డరివ్వబోయే కంపెనీ ఒక పరీక్ష పెట్టింది. మిషను నుంచి వరుసగా దిగిన యాభై పిన్నులు, ఒక్కటీ వదలకుండా కొలిచి రాసివ్వాలి. మంచి పిన్ను ఒకటి ఏ మిషనైనా చేస్తుంది. ప్రతిసారీ అదే కొలత వస్తుందా అన్నదే వాళ్ల ప్రశ్న.

రాదని నాకు తెలుసు. ఆ మిషను నడిపే రెడ్డెమ్మక్క సదుం నుంచి బస్సులో వచ్చేది. మధ్యాహ్నానికి మిషను వేడెక్కి కొలత తప్పుతోందని నెలల తరబడి మొత్తుకుంది. మేనేజరు వినలేదు. ఆర్డరు పోతే నా ఉద్యోగం పోతుందని నా భయం. అందుకే మూడు ట్రేలు ముందేసుకుని, కొలత కుదిరినవే ఏరాను.

అక్క చూసి నవ్వింది.

"యాలప్పా ఏరుతాండావు? విత్తనానికా?"

"శాంపిలుకక్కా."

"ఏరితే అన్నీ మంచివే వస్తాయి. మిషను సంగతి యాడ తెలుస్తాది?"

నేను ఇంకో పిన్ను తీసి కొలిచాను.

మాది తంబళ్లపల్లె వైపు. మా అమ్మ విత్తనానికి చెనిక్కాయలు ఏరేది. ఆమె ఏరినవే చేలో పడేవి. నేను ఏరినవి కాగితంలోకి ఎక్కాయి, ఆర్డరూ వచ్చింది. కంపెనీకి మాత్రం మిషను ఎలా దించితే అలాంటివే పోయాయి.

మూడు నెలలకు, కొలత కుదరలేదని పెట్టెలు తిరిగొచ్చాయి. మేనేజరు నా కాగితం తీసి అక్క ముందు పెట్టాడు. మిషను బాగుందని ఇందులో ఉంది, కాబట్టి తప్పు నీ చేతిదే అన్నాడు. ఆమె నా వైపు చూసింది. ఒక్క మాట చాలు. నేను కాగితం వైపు చూశాను. ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు. చెయ్యి నిలకడ లేనిదన్న పేరు పడ్డాక మదనపల్లెలో కూడా ఎవరూ పెట్టుకోలేదు.

భయమా? ఆ రోజు భయమే. మరి తర్వాత? ఆ కార్ఖానా వదిలి వేరేచోట మంచి జీతంలో కుదురుకున్నాక కూడా నోరు విప్పలేదంటే, దాన్ని భయమనడం నాకు పనికొచ్చే మాట ఏరుకోవడమే కదా?

పోయిన నెల కుప్పం బస్టాండులో అక్క కనబడింది. పూలతోటల్లో కూలికి పోతోందట. "బాగుండావా అప్పా?" అంది, అదే నవ్వుతో. బాగున్నానని చెప్పి బస్సెక్కేశాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇది న్యాయం కాదని తెలుసు. ఈసారి మాత్రం ఏరలేదు, జరిగింది జరిగిన వరుసలోనే రాశాను. గొంతు కొంచెం తేలికపడింది. అంతే.