ఆమె పేరు మీద నేనన్న మాట

ఒక మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. అన్నది నేను. కానీ అది వేరొకామె నోట వచ్చిందని ఊళ్లకు ఊళ్లు నమ్మాయి. ఇప్పటికీ నమ్ముతున్నాయి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు.

నాది కోరుట్ల. అమ్మ బీడీలు చుట్టేది. మా వాడలో ఆడవాళ్లందరిదీ అదే పని. చర్చిలో పాడే గొంతు నన్ను హైదరాబాదు చేర్చి, సినిమాల్లో డబ్బింగ్ పని ఇప్పించింది. తెర మీద హీరోయిన్ పెదవులు కదుపుతుంది. చీకటి గదిలో మైకు ముందు నిలబడి నేను మాట్లాడతాను. ఆ పనిలో నేను మొదట నేర్చుకున్నది నా యాసను దాచుకోవడం.

కలకత్తా నుంచి వచ్చిన ఒక హీరోయిన్‌కు వరసగా నేనే గొంతు ఇచ్చాను. పేరు రాయను. మావైపు జనం ఆమెను బెంగాలమ్మ అని పిలుచుకున్నారు, నేనూ అలాగే అంటాను. మొదటి సినిమాలు ఆడలేదు. తర్వాత సిరిసిల్ల నేతపని ఇంటి పిల్లగా ఆమెకు ఒక వేషం దొరికింది. ఆ సినిమాకు నేను ఇన్నాళ్లు దాచుకున్న యాసే కావాలన్నారు.

మనుషులు ఎలా మాట్లాడతారో చూస్తానని బెంగాలమ్మ నాతో కోరుట్ల వచ్చింది. మా ఇంట్లోనే ఉంది. మా కారం తినలేక కళ్లనీళ్లు పెట్టుకుంటే అమ్మ పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది. తిన్నాక ఆమె అమ్మ చెయ్యి పట్టుకుని వాసన చూసింది. వాళ్ల నాన్న బీడీలు తాగేవాడట. "నాన్న చొక్కా వాసన" అంది, వచ్చీరాని తెలుగులో. అమ్మ సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. గుర్తుపెట్టుకోవలసిన దాన్ని నేను. గుర్తుంది కూడా. అయినా ఆ పని ఎలా చేశాను?

సినిమా విపరీతంగా ఆడింది. హీరోయిన్ సొంత గొంతుతోనే మాట్లాడిందని ప్రచారం చేసుకున్నారు. ఎవరికీ చెప్పొద్దని నిర్మాత అంటే సరేనన్నాను. అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సిరిసిల్లలో సన్మానం చేసినప్పుడు ఒక ముసలామె వేదిక ఎక్కి బెంగాలమ్మ గడ్డం పట్టుకుని అడిగింది. "బిడ్డా, గింత మంచిగ మా మాట ఎట్ల నేర్చినవ్?" బెంగాలమ్మ జనంలో నా కోసం వెతికింది. నేను కనిపించాను. ఒక్క క్షణం ఆగి, నవ్వి, "ప్రేమతో" అంది. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. నాలో విషం పుట్టింది అప్పుడేనా? అప్పుడే అని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. నిజం తెలియదు.

ఏళ్లు గడిచాయి. అమ్మ పోయింది. బెంగాలమ్మకు హీరోయిన్ వేషాలు తగ్గి, తల్లి వేషాలు వచ్చాయి. అంతలో ఒక పార్టీ ఆమెను మావైపు నుంచి ఎన్నికల్లో నిలబెట్టింది. ఆ ఒక్క సినిమాతో ఆమె మా ఇంటి పిల్ల అయిపోయింది కదా! నాకు ఫోన్ చేసింది. "నా పక్కన ఉండు, మాట్లాడటం నేర్పించు" అంది. తీరిక లేదన్నాను. ఉంది. జగిత్యాల సభలో ఆమె సన్నని గొంతుతో, తడబడుతూ మాట్లాడుతుంటే జనం గొంతు మారిందేమిటని గుసగుసలాడారు. ప్రచారంలో తిరిగి గొంతు పోయిందని పార్టీవాళ్లు సర్దిచెప్పారు. ఫోన్లో అది చూసి నేను నవ్వుకున్నాను.

ఆ రోజుల్లోనే ధర్మపురిలో ఒక పెళ్లికి వెళ్లాను. అక్కడ నాతో చదువుకున్న కొడిమ్యాల అతను కలిశాడు. అవతలి పార్టీలో తిరుగుతున్నాడు. ఆమె యాసను అతను తెగ మెచ్చుకుంటుంటే నోరు ఊరుకోలేదు. "గా సినిమాల మాట్లాడింది నేను" అన్నాను. రుజువుకు రెండు డైలాగులు చెప్పాను. అతని కళ్లు పెద్దవయ్యాయి. మర్నాడే కోరుట్లలో మా ఇంటికి వచ్చాడు.

"ఏం గాదు చెల్లె. ఆమె ఫోన్ల ఎవలతోనో మాట్లాడినట్టు గీ రెండు ముక్కలు జెప్పు. జనం నవ్వుకుంటరు, ఇడిసిపెడ్తరు."

ఓట్లయ్యాక ఈ ఊళ్లకు మళ్లీ ఎవరొస్తారు, కలకత్తా పోతాను అని బెంగాలమ్మ అన్నట్టు ఉండాలి. అతను అనుకుని వచ్చిన రెండు ముక్కలు అవే. చెప్పాను. అతను ఫోన్లో రికార్డు చేసుకుని, విని, పెదవి విరిచాడు.

"సప్పగున్నది. జర కారం పడాలె."

అప్పుడు నేను ఆ మాట అన్నాను. అతను అడగలేదు, ఎవరూ నేర్పలేదు.

"గా బీడీలు జేసే ఆడోళ్లు చెయ్యి పట్టుకుంటరు. ఎన్నిసార్లు కడిగినా తంబాకు కంపు పోతలేదు."

అతను నా వైపు ఒకలా చూశాడు. "అబ్బో" అన్నాడు మెల్లగా. బడిలో ఉన్నప్పుడు నాకు సద్ది తెచ్చిన అమ్మను చూసి ఒక పిల్ల ముక్కు మూసుకుంది. ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను. పైసల కోసం చేయలేదు. పైసల కోసం చేసి ఉంటే, కనీసం ఎందుకు చేశానో నాకు తెలిసేది.

పోలింగ్ దగ్గరపడ్డాక అది ప్రతి ఫోన్లోకీ వచ్చింది. ఓటు వేయడానికి నేను అప్పటికే కోరుట్లలో ఉన్నాను. బెంగాలమ్మ బండిని ఆడవాళ్లు చుట్టుముట్టారని విని పరుగెత్తాను. ఏం చూడటానికి? అందరికంటే ముందు రాజవ్వ ఉంది. అమ్మ పక్కన కూర్చుని ఏళ్లకేళ్లు బీడీలు చుట్టిన మనిషి. రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తూ అరుస్తోంది.

"గీ చేతులేనా కంపు? మొన్న గీ చేతులతోటే నీకు దండ ఏసిన గదనే!"

అవతలి పార్టీవాళ్లు నవ్వుకుంటారనుకున్నాను. రాజవ్వ ఏడుస్తుందని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదు?

బెంగాలమ్మ బండి దిగింది. చేతులు జోడించింది. "అమ్మా, నేను కాదు. నేను అనలేదు అమ్మా" అంది, తన సొంత గొంతుతో.

గుంపులోంచి ఎవరో అరిచారు. "సూడుండ్రి, దొంగది గొంతు మార్చి మాట్లాడుతున్నది!"

ఆమె అసలు గొంతును వాళ్లు దొంగగొంతు అన్నారు. నా గొంతును ఆమెదన్నారు. నేను ఆ గుంపులోనే, రాజవ్వ వెనకే నిలబడి ఉన్నాను. అక్కడ ఒక్క వాక్యం పలికితే చాలు, అన్నీ తెలిసిపోయేవి. నోరు తెరిచాను కూడా. మాట రాలేదు. ఎటునుంచో రాయి వచ్చింది. బెంగాలమ్మ కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అలాగే నిలబడింది. నమ్మలేనట్టు చూస్తోంది. నేనూ అలాగే చూశాను.

జగిత్యాల ఆసుపత్రికి వెళ్లాను. పలకరించడానికి కాదు. ఆమెకు తెలిసిందో లేదో చూడటానికి. ఆ గొంతు నాదని చెప్పాలంటే సినిమాలో మాట్లాడింది తాను కాదని ఆమె ఒప్పుకోవాలి, కాబట్టి నోరు విప్పదు అనుకుంటూ మెట్లెక్కాను. గదిలో ఆమె ఒక్కతే ఉంది. నుదుటికి కట్టు.

"ఆడియో వినగానే తెలిసింది" అంది. "నీ గొంతు నాకు తెలియదా?"

నేను గోడకు ఆనుకున్నాను. "మరి ఎందుకు చెప్పలేదు?"

"పార్టీవాళ్లు ప్రెస్‌ను పిలుస్తామన్నారు. సినిమాలో గొంతు నాది కాదని చెప్పడానికి నేను రెడీ. కానీ తర్వాత నీ పేరు అడుగుతారు. ఆ రాయి నీ ఇంటికి వస్తుంది." నా వైపు తిరిగింది. "ఒకటి చెప్పు. ఆ చేతుల మాట ఎవరు రాశారు?"

ఆమె అడిగింది అదొక్కటే. ఎందుకు చేశావని అడగలేదు.

"వాళ్లే రాసిచ్చిండ్రు మేడమ్" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. ఊపిరి వదిలింది. "తెలుసు. అది నీ మాట కాదు. మీ అమ్మ అన్నం పెట్టింది నాకు. నువ్వు ఆ మాట ఎట్లా అంటావు?"

బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మొదటి తప్పు ఎందుకు చేశానో తెలియదు. ఈ రెండోది? ఆమె నా మీద ఉంచుకున్న కాస్త నమ్మకాన్నీ అబద్ధంతో కొనుక్కున్నాను.

ఆమె ఓడిపోయింది. రాజకీయం వదిలి కలకత్తా వెళ్లిపోయింది. అక్కడ సీరియళ్లలో వేస్తోందట. నేను గొంతు పాడైందని చెప్పి డబ్బింగ్ మానేశాను. కోరుట్ల వెళ్తే రాజవ్వ ఇంట్లో కూర్చుంటాను. టీవీలో బెంగాలమ్మ కనిపిస్తే రాజవ్వ చానెల్ మారుస్తుంది. "దీని నోట్లె మన్నువడ" అంటుంది. నేను తల ఊపుతూ ఆమె ఇచ్చిన చాయ్ తాగుతాను. మొన్న కూడా తాగి వచ్చాను. వచ్చాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసినవాళ్లు కలకత్తాలో ఒకరు, కోరుట్లలో వాడ నిండా ఉన్నారు. వాళ్లకు చెబుతానో లేదో కూడా మాట ఇవ్వలేను. నా పిరికితనం నాకు తెలుసు. కానీ ఇంతవరకు నా మనసులో కూడా ఈ వాక్యాన్ని పూర్తిగా అనుకోలేదు, సగంలో తుంచేసేదాన్ని. ఇప్పుడు తుంచను. ఆ మాట ఎవరూ రాసివ్వలేదు. బీడీలు చుట్టిన చేతుల అన్నం తిని పెరిగిన నేనే, నా అంతట నేనే అన్నాను.