ముల్లు సగం దగ్గర నిలిచిపోయిన ఆదివారం

పెళ్ళయిన మొదటి ఏడాది మా ఆయన్ని నేను నిలబడి ఉండగా చూసిందే ఎక్కువ. ఆయన ఏలూరులో ఒక షావుకారుగారి లాంచీకి డ్రైవరు. నేను కొల్లేటి మధ్య ఒక లంకలో మిషను బడి టీచర్ని. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డల బేళ్ళు వేసుకుని లాంచీ వారానికోసారి మా రేవుకి వచ్చేది. సరుకు దించినంతసేపే ఆయన నావారు. కూలీలు చురుగ్గా పనిచేస్తే నాకు ఒళ్ళు మండేది. ఆయన గట్టు మీదే నిలబడి కాఫీ తాగి, "వెళ్ళొస్తానండీ టీచరుగారూ" అని నన్ను ఆటపట్టించి ఇంజను తిప్పేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ నాకు ఆయన గుర్తొస్తే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడినట్టే గుర్తొస్తారు.

ఏలూరు బడికి మార్చమని మిషను దొరసానిగారిని అడిగాను. లంకకి ఇంకో టీచరు దొరికితే చూద్దామన్నారు. ఆ నీళ్ళ మధ్యకి ఏరి కోరి ఎవరొస్తారు? తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగిన నేనే ముక్కు చీదుకుంటూ వచ్చాను.

ఆ లాంచీలో షావుకారుగారు చూసి మురిసిపోయే సొగసొకటి ఉండేది. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు, దాని మీద గడియారం లాంటి గుండ్రటి బిళ్ళ, అందులో ఒక ముల్లు. ట్యాంకు లోపల తీగ చివర బెండు తేలుతూ ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ బెండు దిగుతుంది, పైన ముల్లు ఖాళీ వైపు జరుగుతుంది. పోసే గొట్టం వంకరగా ఉండడంతో పుల్ల పెట్టి చూసుకోవడానికి లేదు. ముల్లు ఏం చెబితే అదే నమ్మాలి.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ముల్లు ఖాళీ దగ్గర పడిపోయి, ఇక లేవడం మానేసింది. నిండా పోసినా ఖాళీ అనే చూపించేది. మా ఆయన అద్దం తీసి వేలితో తిప్పి చూస్తే సులువుగానే తిరిగిందట. అయితే రోగం కింద ఉందని మూత మరలు విప్పారు. దొరల సీమ నుంచి వచ్చిన కార్కు బెండు పగిలి, పెట్రోలు తాగి, అడుక్కి దిగిపోయి ఉంది. కొత్తది మద్రాసు నుంచి రావాలన్నారు. ఈలోగా ఆయన అంచనా మీద నడిపారు. ఎదురుగాలి కొట్టిన రోజున ఆ అంచనా తప్పి, షావుకారుగారు ఎక్కి ఉండగానే లాంచీ కొల్లేటి నడిమధ్య ఆగిపోయింది. చేపల పడవల వాళ్ళు కట్టి లాక్కొచ్చారు.

ఇంకొక్కసారి ఇలా ఆగితే లాంచీ అమ్మేసి సరుకు మళ్ళీ గెడ వేసే పడవల్లోనే పంపుతాననీ, డ్రైవరుని తాడేపల్లిగూడెం రైసు మిల్లులో ఇంజను దగ్గర పెడతాననీ షావుకారుగారు అన్నారు. మా ఆయన ఆ మాట నాకు నవ్వుతూ చెప్పబోయి, నవ్వలేకపోయారు. లాంచీ పోతే ఆ కాఫీ తాగినంతసేపు కూడా పోతుంది. ఆయన మా పుట్టింటి ఊళ్ళో, నేను లంకలో. తలుచుకుంటే నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది.

ఆయన పుట్టింది కొల్లేటి ఒడ్డున. తేలే వస్తువంటే వాళ్ళ దృష్టిలో వలకి కట్టే బెండే. జీలుగు బెండు చెక్కి, తడి పీల్చకుండా తారు పూస్తే వలలో ఎన్నాళ్ళైనా తేలుతుంది. ఆయనా అలాగే నున్నగా చెక్కి, దట్టంగా తారు పూసి, ఎండబెట్టి తీగకి కట్టారు. ముల్లు లేచి నిండు దగ్గర నిలబడింది. రేవులో ఉన్నవాళ్ళందరినీ పిలిచి చూపించారు. లంక లంకంతా భేష్ అంది.

కొన్నాళ్ళకి ఒక శనివారం సాయంత్రం, మా రేవు కనుచూపు మేరలో ఉండగా లాంచీ ఆగింది. ముల్లు సగం ఉందంటోంది. ట్యాంకులో చుక్క లేదు. గెడ వేసుకుంటూ ఒడ్డుకి తెచ్చారు. అదృష్టం కొద్దీ షావుకారుగారు ఊళ్ళో లేరు, సోమవారం సాయంత్రం గాని రారు. ఏలూరు వెళ్ళే పడవతో కబురు పంపితే సోమవారం ఉదయానికి పెట్రోలు డబ్బా వస్తుందన్నారు. మా ఆయన మొహం మాడిపోయింది. నాకు మాత్రం లోపల పండగే. ఆయన నా ఇంట్లో ఒక ఆదివారం అంతా ఉండబోతున్నారు.

ఆ ఆదివారం బడిగదిలో ఆరాధన అయింది. ఆయన నా పక్కన నిలబడి శ్రుతి లేకుండా గట్టిగా పాడారు. ఎవరో కొర్రమీను పంపించారు. నేను పులుసు పెడుతుంటే ఆయన ట్యాంకు మూతని తీగతో సహా విప్పుకొచ్చి గుమ్మం బయట కూర్చున్నారు. తీగ కీలు దగ్గర నల్లటి జిగురు. బెండు మీద తారు మచ్చుకి కూడా లేదు. నీళ్ళకి చెక్కుచెదరని తారు పెట్రోలులో కరిగిపోయి, కీలుని అంటుకుని, ముల్లుని సగం దగ్గర పట్టేసింది. ఆయన కాసేపు దానికేసి చూసి, కొల్లేటి బుర్రకి నీళ్ళు తప్ప ఇంకోటి తోచదని తన్ను తానే తిట్టుకున్నారు. నేను నవ్వాను. ఆయనా నవ్వారు. అలా ఇద్దరం ఒకే చోట కూర్చుని నవ్వడం అదే మొదటిసారి.

కీలుని కిరసనాయిలుతో కడిగారు. ఈసారి బెండు వద్దు, గాలి బిగించిన రేకుడబ్బా అయితే దేనికీ కరగదన్నారు. నా తలపిన్నులు పెట్టుకునే చిన్న డబ్బా ఇచ్చాను. పెట్రోలు చేతులతో పొయ్యి దగ్గరికి రావద్దని గద్దించి, సీకాయతో కడిగించాను. ఆయన కడ్డీ కాల్చి, డబ్బా మూత చుట్టూ సీసం కరిగించి మాటు వేశారు. వేడినీళ్ళలో ముంచితే ఎక్కడైనా సందుంటే బుడగ వస్తుందట. గిన్నె మీదకి ఇద్దరం వంగాం. ఒక మూల నుంచి బుడగ లేచింది. ఆయన చిన్నబుచ్చుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఇది కాదని, రేపు కూడా ఉండిపోతారని అనుకున్నాను. ఆయన మళ్ళీ మాటు వేసి మళ్ళీ ముంచారు. ఒక్క బుడగ రావాలని నేను మనసులో ప్రార్థించాను. పొద్దున ఆరాధనలో కూడా అంత నిష్ఠగా ప్రార్థించలేదు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి.

సోమవారం పెట్రోలు వచ్చింది. ఆయన పోస్తున్నకొద్దీ ముల్లు ఖాళీ నుంచి సాఫీగా లేచింది. ఆయన నాకేసి చూశారు, మెచ్చుకుంటానని కాబోలు.

"ఎందుకండీ ఇంత బాగా చేశారు?" అన్నాను.

ఆయన మొదట నవ్వారు. నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయారు. డబ్బా కింద పెట్టి చేతులు తుడుచుకున్నారు.

"బాగా చెయ్యకపోతే ఇక ఇటు రాలేను కదా," అన్నారు.

నాకు తెలియక అడిగానా? తెలిసే అడిగాను. ఆయన ఇంజను తిప్పారు. లాంచీ రేవు వదిలి తూటికాడల పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అది ఎప్పుడూ దారిలో ఆగలేదు. వేళకి వచ్చేది, సరుకు దించేది, వేళకి వెళ్ళిపోయేది. వెళ్ళిన ప్రతిసారీ నేను గట్టు మీద నిలబడి ఇంజను చప్పుడు వినేదాన్ని, ఒక్కసారైనా తడబడుతుందేమోనని. అది ఒక్కలాగే మోగుతూ దూరమైపోయేది.